మాస్టారింట నిశానీలు

పోర్ట్ బ్లెయిర్ బజారులో ఇప్పటికీ ఎవరో ఒకరు నన్ను ఆపుతారు. చేపల బుట్ట పక్కకు జరిపి, చేతులు కొంగుకు తుడుచుకుని, “మీరు మేస్టారి అమ్మాయి కాదేటి? నాకు అచ్చరం ముక్క పెట్టింది ఆ బాబేనమ్మా” అంటారు. కొందరికి కళ్ళలో నీళ్ళు కూడా తిరుగుతాయి. నేను తల ఊపి, చేప తీసుకుని వచ్చేస్తాను. బ్రూక్షాబాద్‌లో మా ఇంటి గేటు తీసేదాకా నా కడుపులో మంట చల్లారదు. వాళ్ళు చెప్పేది అబద్ధమైతే ఇంత మంట ఉండేది కాదు.

మా నాన్న మంచి మాస్టారు కాదని నేను ఎవరి దగ్గరా అనలేదు. అంత మంచి మాస్టారు కాబట్టే ఇంట్లో ఉన్న అమ్మకూ నాకూ ఏమీ మిగల్లేదని అంటున్నాను. ఈ మాట ఆయన చివరి రోజుల్లో ఆయన ముఖం మీదే అన్నాను. ఇప్పుడూ వెనక్కి తీసుకోను.

స్వాతంత్ర్యం వచ్చాక ఈ అండమాన్ దీవులకు మనుషులను తెచ్చి నింపుతున్న రోజుల్లో నాన్న ఉద్యోగం మీద వైజాగ్‌లో ఓడెక్కారు. అదే ఓడలో శ్రీకాకుళం వైపు నుంచి వలలు చుట్టుకుని బయల్దేరిన జాలరి కుటుంబాలు కూడా ఉన్నాయట. దారంతా అమ్మ వాంతులు చేసుకుంటూ పడుకుంటే, నాన్న డెక్కు మీద ఆ కుటుంబాల మధ్య కూర్చుని ఎవరికి ఎందరు పిల్లలో, ఎవరికి ఎన్నేళ్ళో కనుక్కుంటూ గడిపారట. అమ్మ ఆ సంగతి నాకు చాలాసార్లు చెప్పింది. నవ్వుతూనే చెప్పేది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

నేను ఇక్కడే పుట్టాను. మాకు డెలానీపూర్‌లో సర్కారు క్వార్టర్ ఇచ్చారు. నాన్నకు పని రేవుకు అవతల, బాంబూఫ్లాట్‌లో. తెల్లవారకముందే దిగువకు నడిచి జెట్టీ చేరి మొదటి ఫెర్రీ ఎక్కేవారు. తెలుగు బడి అయితే తెరిచారు గాని పిల్లలు రాలేదు. ఎలా వస్తారు? పొద్దున్నే పడవలు ఒడ్డుకు చేరతాయి. చేపలు ఏరాలి, మోయాలి, ఎండబెట్టాలి. ఇంకొక మాస్టారైతే ఖాళీ గదిలో హాజరు వేసుకుని, కునుకు తీసి ఇంటికొచ్చేవారు. అలాంటి తండ్రి ఉన్న పిల్లలను నేను ఎరుగుదును. సాయంత్రం వాళ్ళ నాన్న వాళ్ళను భుజం మీద ఎక్కించుకుని తిప్పేవాడు. వాళ్ళను చూసి నేను ఎంత ఏడ్చుకున్నానో!

మా నాన్న బడిని ఒడ్డుకు తీసుకెళ్ళారు. అక్కడ మరమ్మతుకని బోర్లించిన పడవలుండేవి. అడుగుభాగం తారు పూసి నల్లగా నిగనిగలాడేది. నాన్న దాని మీద సుద్దముక్కతో పెద్ద పెద్ద అక్షరాలు రాసేవారు. పిల్లలు చేపలు ఏరుతూనే తలెత్తి చదవాలి. పడవ నీళ్ళలో దిగేలోపు దాని మీదున్నవన్నీ వాళ్ళకు వచ్చేయాలి. దిగిందంటే సముద్రం తుడిచేస్తుంది. జాలర్లు ఆయన్ని ఆట పట్టించేవారట.

“మేస్టారూ, మా పడవ సదివీసిందండీ. సేపలు భయపడి పారిపోతన్నాయి.”

“చేపలు పోతే పోనీలే. నీ కొడుకు దొరికాడు నాకు.”

ఇవి నేను విన్న మాటలు కావు. అన్నం ముందు కూర్చుని నాన్న మాకు చెప్పినవి. తినేది తక్కువ, చెప్పేది ఎక్కువ. ఫలానా గుంటడికి ఒత్తులు వచ్చేశాయి, ఫలానా ఆయన వయసు మళ్ళినా సంతకం పెట్టేశాడు. పెరుగన్నం చేతిలో ఎండిపోయేది. అమ్మ వింటూ, మధ్యలో “ఇంకొంచెం వెయ్యనా?” అని అడిగేది. ఆయనకు వినబడేది కాదు. ఆదివారం కూడా వెళ్ళేవారు. “ఆదివారమని చేపలు ఆగుతాయా?” అనేవారు. అమ్మకు టైఫాయిడ్ వచ్చి పడుకున్నప్పుడు పక్క క్వార్టర్లోని దీదీ వచ్చి గంజి కాచింది. నాన్న గుమ్మంలోంచి “ఎలా ఉంది?” అని అడిగి, జవాబు వినేలోపే చెప్పులు వేసుకున్నారు. ఆ చెప్పుల చప్పుడు నా చెవిలో ఉంది.

ఇక నా అక్షరాభ్యాసం సంగతి. పంతులుగారు మంచి రోజు చూసి చెప్పారు. మంచి రోజు మా ఒక్కరికే కాదు కదా. బాంబూఫ్లాట్‌లో ఒక జాలరి ఇంట్లో కూడా అదే రోజు పెట్టుకున్నారు. ఆడపిల్లకు. ఆ వాడలో ఆడపిల్లకు అక్షరాలు దిద్దించడం అదే మొదలు. మేస్టారే చెయ్యి పట్టాలని కూర్చున్నారు.

“పొద్దున్నే వెళ్ళి మధ్యాహ్నానికి వచ్చేస్తాను. మన ముహూర్తానికి ఉంటాను కదా” అన్నారు నాన్న.

అమ్మ నాకు కొత్త గౌను తొడిగి, పళ్ళెంలో బియ్యం పోసి, పసుపుకొమ్ము పెట్టి కూర్చోబెట్టింది. మధ్యాహ్నం గాలి లేచింది. ఫెర్రీ ఆపేశారు. నాన్న మర్నాడు వచ్చారు. అప్పటికి ఆ బియ్యం అమ్మ వండేసింది, మేము తినేశాం.

“మళ్ళీ మంచి రోజు చూద్దాంలే” అన్నారు. చూడలేదు. నన్ను ఇంటికి దగ్గర్లో ఉన్న హిందీ బడిలో వేశారు. ఈ పని ఆయన ఒక్కరే చేయలేదు. ఇక్కడ తెలుగు చెప్పే మాస్టార్లు చాలామంది చేశారు. ఊరి పిల్లలకు తెలుగు, సొంత పిల్లలకు హిందీ. ఉద్యోగం కావాలంటే హిందీ కావాలి. తెలుగు ఇంట్లో ఎలాగూ ఉంది. మాస్టారి పిల్లకు అక్షరాలు గాలికే అంటుకుంటాయని వాళ్ళ ధీమా. నాకు గాలికి జలుబు తప్ప ఏమీ అంటుకోలేదు.

అమ్మ బడి మొహమే చూసిన మనిషి కాదు. పెళ్ళైన కొత్తలో నేర్పుతానన్నారట. అంతలో ఓడెక్కారు. కాగితం మీద ఎక్కడ అవసరమైనా బొటనవేలు ముద్రే. “మాస్టారింట ఇద్దరం నిశానీలం” అని అమ్మ వచ్చినవాళ్ళతో హాస్యమాడేది. నేను క్లాసులో మొదటి దాన్ని, హిందీలో వ్యాసాలు రాసేదాన్ని. అయినా అమ్మ ఆ లెక్కలో నన్ను చేర్చేది. అదీ నిజమే.

అమ్మ మా మేనమామకు కబురు చేసి నా కోసం బొమ్మలున్న తెలుగు వాచకం తెప్పించింది. ఓడ వచ్చిన రోజు జెట్టీ దగ్గర దాన్ని అందుకుని, వాసన చూసి, గుండెకు హత్తుకుని తెచ్చుకున్నాను. నాన్న చూసి, “అబ్బ, బొమ్మలు బాగున్నాయే. ఒక్కరోజు పట్టుకెళ్ళి పిల్లలకు చూపిస్తాను” అన్నారు. ఆ ఒక్కరోజు ఇంకా పూర్తి కాలేదు.

తర్వాత ఆ పుస్తకం నాకు కనబడింది. కనబడిన రోజు సంగతి చెబుతాను.

ఊరి నుంచి అమ్మమ్మ ఉత్తరం వచ్చింది. ఎవరిచేతో రాయించి పంపేది. ఉత్తరం వస్తే నాన్న చదవాలి, మాకు వేరే దిక్కు లేదు. ఆ వారమంతా ఆయనకు తీరలేదు. పడుకునే ముందు చదువుతానని చేతిలో పెట్టుకుని నిద్రపోయేవారు. అమ్మ దాన్ని మెల్లగా తీసి తలగడ కింద పెట్టుకునేది. చివరికి ఒక ఆదివారం, “పద, మనమే వెళ్దాం. అక్కడైనా చదువుతారు” అని నన్ను వెంటబెట్టుకుని ఫెర్రీ ఎక్కింది.

ఒడ్డున పడవ అడుగున నాన్న రాస్తున్నారు. చుట్టూ పిల్లలు, ఆడవాళ్ళు. పొలుసులు, ఉప్పు, తారు కలిసిన వాసన. నాన్న ముఖం వెలిగిపోతోంది. ఆ ముఖం నేను ఇంట్లో ఎప్పుడూ చూడలేదు. మమ్మల్ని చూసి, “మీరేంటి ఇక్కడ?” అన్నారు, ఎవరో చుట్టాలను అడిగినట్టు.

అమ్మ ఉత్తరం చాచింది. “చదివిపెట్టండి, వెళ్ళిపోతాం.”

“ఈ వరస అయిపోనీ. పడవ సాయంత్రం దించేస్తారు.” అని అటూ ఇటూ చూసి, నా ఈడు పిల్లను ఒకదాన్ని పిలిచారు. “ఇలా రా. అమ్మగారికి ఉత్తరం చదివిపెట్టు. గడగడా చదివేస్తుంది, చూడు నువ్వే.” ఆ చివరి మాట అమ్మతో అన్నారు, గర్వంగా.

నా అక్షరాభ్యాసం రోజున నాన్న చెయ్యి పట్టి దిద్దించిన పిల్ల అదే. బొద్దుగా ఉంది. చంకలో నా వాచకం ఉంది. అట్ట ఊడిపోయి, మూలలు కొరికేసి ఉన్నాయి. ఆ పిల్ల ఎడమ చేత్తో ఉత్తరం అందుకుని, ఇసుకలో గొంతుక్కూర్చుని చదివింది. తప్పు లేదు, తడుముకోవడం లేదు. ఆడవాళ్ళంతా చుట్టూ చేరారు. మా ఇంటి కబుర్లన్నీ అక్కడ వినబడ్డాయి. ఆవు ఈనింది, పెద్దత్తయ్యకు మోకాళ్ళ నొప్పి. చివర్లో నా గురించి. “నా బంగారుతల్లి ఎలా ఉంది? బాగా చదువుకుంటోందా?”

“ఎవులమ్మా బంగారుతల్లి?” అంది ఒకావిడ.

“ఈ గుంటే కామోసు. మేస్టారి కూతురు.”

“మరి ఈ గుంటే సదవచ్చు కదా?”

ఆ పిల్ల నావైపు చూసి, “దీదీకి హిందీ వొచ్చు. నాకు రాదు” అంది. నన్ను కాపాడాలని అంది. అందుకే ఎక్కువ మండింది. అమ్మమ్మ నన్ను పిలిచిన పిలుపు ఆ పిల్ల నోట విన్నాను. మా అమ్మ ఆ పిల్ల తల నిమిరి, “బాగా చదివావమ్మా” అంది. ఆ రోజు నుంచి నేను ఆ పిల్లను చూసి ఓర్వలేదు. ఎవరైనా తప్పంటే అననీ.

తిరుగు ఫెర్రీలో నాన్న పక్కన కూర్చున్నాను.

“నాన్నా, నాకెప్పుడు నేర్పుతారు?”

“నీకేంటమ్మా, క్లాసులో ఫస్టు. నీకు వారం రోజుల పని. వాళ్ళకలా కాదు, పట్టు వదిలితే జారిపోతారు.”

“ఆ వారం ఎప్పుడు?”

“సెలవుల్లో. తప్పకుండా.” అని సంచిలోంచి పిల్లల కాపీ పుస్తకాలు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. ఫెర్రీ ఊగుతున్నా ఆయన ఎర్ర గీతలు వంకర పోలేదు. నేను ఆయన చేతినే చూస్తూ కూర్చున్నాను. సెలవుల్లో అక్కడ పెద్దవాళ్ళకు బడి మొదలుపెట్టారు.

అలా ఎన్ని సెలవులు వచ్చాయో, ఎన్ని పోయాయో. ఇవతలి బడికి బదిలీ ఇస్తామంటే నాన్న వద్దన్నారు. హెడ్‌మాస్టర్‌ను చేసి ఇంకో దీవికి పంపుతామంటే కాళ్ళావేళ్ళా పడి ఆపుకున్నారు. నేను హిందీలో చదువుకుని, ఒక సర్కారు ఆఫీసులో గుమాస్తా అయ్యాను. నాన్న చెప్పింది నిజమే, హిందీ అన్నం పెట్టింది. పెళ్ళి చేసుకుని బ్రూక్షాబాద్ వచ్చాను. అమ్మ పోయింది. ఆ రోజు నాన్నకు కబురు ఫెర్రీ దాటి చేరాల్సి వచ్చింది. ఉత్తరం చదివిన ఆ పిల్ల బాంబూఫ్లాట్‌లోనే పసిపిల్లల బడిలో టీచరైంది. నాన్న రిటైరైన రోజు వాడంతా కదిలి వచ్చి సన్మానం చేస్తే, సన్మానపత్రం చదివింది ఆమే. “మాకు తండ్రి” అని చదివింది. నేను ముందు వరుసలో కుర్చీలో కూర్చుని, ఆ కాగితం మీద ఏం రాసుందో నా కళ్ళతో నేను చదవలేక, ఆమె నోటివైపు చూశాను. తర్వాత దాన్ని ఫ్రేము కట్టి నాకిచ్చారు, ఇంట్లో పెట్టమని.

రిటైరైనా ఆయన ఫెర్రీ మానలేదు. ఒళ్ళు పడిపోయాకే మానారు. కుడివైపు కాలూ చెయ్యీ స్వాధీనం తప్పాయి. చెయ్యి కొంత కోలుకుంది. మా ఇంటికి తెచ్చుకున్నాను. నా జీవితంలో మొదటిసారి నాన్న పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒకేచోట, నా ఇంట్లో ఉన్నారు.

మా ఆయన మెయిన్‌లాండ్ నుంచి వచ్చే తెలుగు పేపరు ఎక్కడో సంపాదించి తెచ్చేవాడు. పాతదే, కానీ నాన్నకు పండగ. ఒకరోజు కళ్ళు మసకగా ఉన్నాయని దాన్ని నాకిచ్చారు.

“చదువమ్మా.”

“నాకు రాదు నాన్నా.”

నవ్వారు. మూతి ఒకవైపే కదిలింది. “భలేదానివే. నేనే కదా నీ చెయ్యి పట్టి దిద్దించింది! పళ్ళెంలో బియ్యం. నువ్వేమో కుడిచెయ్యి ఇవ్వనని ఎడమచెయ్యే చాచావు. ఎంత నవ్వారో అందరూ.”

ఉత్తరం ఎడమ చేత్తో అందుకున్న ఆ పిల్ల గుర్తొచ్చింది. నేను దేనికోసం ఇన్నేళ్ళు ఎదురుచూశానో, అది నాకు ఇచ్చేశాననే అనుకుంటూ ఆయన బతికారు. బాకీ ఉందన్న సంగతే ఆయనకు తెలియదు. నా చోట ఆ పిల్లను కూర్చోబెట్టుకున్నారు. నా జ్ఞాపకం కూడా దానికే ఇచ్చేశారు.

“అది నేను కాదు. నేను కుడిచేతి దాన్ని. మీరా రోజు రాలేదు” అన్నాను.

ఆయన నా చేతులవైపు చూశారు. ఏదో లెక్క తేలనట్టు చూశారు. తర్వాత, “రేపు మొదలెడదాం” అన్నారు.

“రేపు వద్దు. ఇప్పుడే.”

మా అబ్బాయి పలక తెచ్చాను. వణికే చెయ్యి నా చేతి మీద వేశారు. ముప్పై దాటిన దాన్ని, ఆఫీసుకు టైమవుతోంది, నేల మీద కూర్చుని ‘అ’ దిద్దాను. బలపం ఆయన చెయ్యి ఎటు వణికితే అటు పోయింది. అయినా ఆ గుండ్రం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో ఆ చేతికి తెలుసు.

ఆ రోజు నుంచి పొద్దుట పూట నాది. అది మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. నాన్న శిష్యులు చేపలు పట్టుకుని ఫెర్రీ దాటి వచ్చేవారు. “పొద్దున్న చూడటానికి వీల్లేదు, సాయంత్రం రండి” అని గేటు దగ్గరే చెప్పేసేదాన్ని. “క్యా దీదీ, ఇంత దూరం నుంచి వచ్చాం” అని ఒకడు బతిమాలితే, “నేను మీకన్నా ముందు నుంచి ఆగి ఉన్నాను భయ్యా” అన్నాను. వాడికి అర్థం కాలేదు. అర్థం కావాలని నేను అనలేదు.

అచ్చులు అయిపోయాయి. ‘క’ నుంచి మొదలుపెట్టాం. ‘త’ వరసకు వచ్చాం. ఆ రోజు ‘ద’ దిద్దుతున్నాం. గేటు దగ్గర ఆమె గొంతు, సన్మానపత్రం చదివిన గొంతే, వినబడింది.

“దీదీ, మేస్టార్ని ఒక్కసారి సూసి ఎల్లిపోతాను. బడికి సెలవు పెట్టి వొచ్చాను.”

నాన్న చెయ్యి ఆగిపోయింది. నా వేళ్ళ మీద పట్టు సడలింది. మెడ అటు తిప్పాలని చూశారు. “ఎవరమ్మా?”

“ఎవరూ లేరు. ఇది పూర్తి చేయండి” అన్నాను.

ఆయన నన్ను చూశారు. విన్నారు, నాకు తెలుసు. నేను అబద్ధం ఆడానని కూడా తెలుసు. మళ్ళీ పట్టు బిగించి ‘ద’ పూర్తి చేశారు. బయట ఆమె కొంతసేపు నిలబడి, చేపల సంచి గేటుకు తగిలించి వెళ్ళిపోయింది. అందుకు నేను బాధపడలేదు. ఆ పొద్దుట నాన్న ఎటు పోవాలో తేల్చుకున్నారు. ఒక్కసారైనా నావైపు తేల్చుకున్నారు.

ఆ వారంలోనే రెండోసారి వచ్చింది పక్షవాతం. మాట పోయింది. తర్వాత ఆయనా పోయారు. బాంబూఫ్లాట్‌లో ఆ రోజు పడవలు దించలేదని చెప్పుకున్నారు. మా ఇంటిముందు నిలబడటానికి చోటు లేదు. కూతురు ఎవరని ఎవరో అడిగితే ఇంకెవరో వేలు పెట్టి చూపించాల్సి వచ్చింది.

పెద్దకర్మ అయ్యాక ఆమె ఒక్కతే వచ్చింది. వరండాలో కూర్చుని, గోరుతో నేల గీస్తూ, “దీదీ, మేస్టారు మీకు ఎక్కడిదాకా సెప్పారో మీ ఆయన సెప్పారు. మిగతావి నాను సెప్తాను. మేస్టారు సెప్పినట్టే సెప్తాను” అంది.

“అక్కర్లేదు.”

“నాకేటి కట్టం దీదీ? ఆదివారం ఆదివారం వొస్తాను.”

“అక్కర్లేదన్నాను కదా.”

చాయ్ ఇచ్చాను. తాగి వెళ్ళింది. మిగిలిన అక్షరాలు నేనే నేర్చుకున్నాను. గోడ మీది తెలుగు క్యాలెండర్ చూసి, ఇంటికి కిరాణా సరుకులు చుట్టి వచ్చిన పాత పేపర్లు చూసి, కొట్టు బోర్డులు చూసి. ఏళ్ళు పట్టింది. ఇప్పుడు ఏ పుస్తకమైనా చదువుతాను. ఇదిగో, రాస్తున్నాను కూడా.

రాస్తుంటే నాకు తెలుస్తూనే ఉంటుంది. ‘ద’ వరకు నా చేతికి ఒక దారి ఉంది; గుండ్రం దానంతటదే తిరిగి, ఆగాల్సిన చోట ఆగుతుంది. ‘ధ’ నుంచి ముందుకు దారి లేదు. అచ్చు అక్షరాలు చూసి గీసినవి, నిలువుగా, బిరుసుగా నిలబడతాయి. ఒకే మాటలో రెండు చేతుల రాత ఉంటుంది నాది. ఈ మధ్య ఆమె బడి ముందు నుంచి వెళ్తూ, తలుపు తీసి ఉంటే నల్లబల్ల వైపు చూశాను. పైనుంచి కిందిదాకా అన్నీ ఒకే గుండ్రం. ఒక్కటీ తేడా లేదు. అన్నీ ఆయన చెయ్యే.